ఖరీదైన రాడ్డు, ఖరీదైన రీలు: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆగాలి

గాలం వేసేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, గాలపు కర్రకూ (రాడ్డు), దారం చుట్టే రీలుకూ ఎంత ఖర్చు పెట్టాలన్న వాదన రాకుండా పోదు. ఒకరు "చేపకు రాడ్డు ధర తెలుస్తుందా?" అంటారు. ఇంకొకరు తమ కొత్త రీలు హ్యాండిల్‌ను వేలితో ఒక్క తోపు తోసి, అది ఆగకుండా ఎంతసేపు తిరుగుతుందో చూడమంటారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది కానీ, ఇద్దరూ అసలు విషయం పక్కనుంచి వెళ్ళిపోతున్నారని నాకు అనిపిస్తుంది. చేపకు ధర తెలియదు, నిజమే. అయితే దారం చివర ఒక్కసారిగా పరుగు అందుకున్న చేపకు, ఆ మొదటి క్షణంలో డ్రాగ్ (దారాన్ని అదుపుతో వదిలే రీలు భాగం) ఎంత మొండికేసిందో తప్పకుండా తెలుస్తుంది, ఆ మొండితనానికీ రీలు తయారైన తీరుకూ నేరుగా సంబంధం ఉంది. ఇక ఖాళీగా తిరిగే హ్యాండిల్ చెప్పేది లోపల నూనె పలుచగా ఉందని మాత్రమే. బరువు పడ్డప్పుడు ఆ రీలు ఎలా నడుస్తుందో అది ఏమాత్రం చెప్పదు.

నేను చాలా ఏళ్ళుగా గాలం వేస్తున్నాను, దానితోపాటు స్నేహితుల రీళ్ళు విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టి ఇస్తుంటాను. ఈ రెండు పనులూ చేస్తూ నేను చేరుకున్న అభిప్రాయం ఏమిటంటే, ధర పెరిగే కొద్దీ మనం కొనేది ఒకే గుణాన్ని కాదు. మొదట పెరిగే ధర మనకు గట్టిదనాన్ని ఇస్తుంది: లాగుడుకు వంగని రీలు ఒడలు, త్వరగా అరగని పళ్ళచక్రాలు, సమంగా జారే డ్రాగ్. ఆ మెట్టు దాటాక పెరిగే ధర చాలావరకు తేలికదనానికి పోతుంది. రీలులో గట్టిదనానికి పెట్టిన డబ్బు ఎన్నడూ వృథా కాదు, తేలికదనానికి పెట్టినది చాలామందికి వృథానే. రాడ్డు దగ్గర ఈ లెక్క తారుమారవుతుంది: అక్కడ తేలికకే విలువ, కానీ ఆ తేలిక ఒక హద్దు దాటగానే పెళుసుదనంగా మారుతుంది కాబట్టి దుకాణంవారు ఆశించినదానికంటే ముందే ఆగిపోవడం మంచిది. అందరూ ముందు రాడ్డు మీద మనసు పారేసుకుని, మిగిలినదానితో ఏదో ఒక రీలు తగిలించుకుంటారు. నేను దానికి సరిగ్గా ఎదురు చెబుతున్నాను.

ముందు రీలు సంగతి చూద్దాం. ఇవాళ ఎక్కువమంది చేతుల్లో ఉన్న స్పిన్నింగ్ రీలు మూలసూత్రం పాతది. ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంటు తీసుకున్న రీలులోలాగే ఇప్పటికీ దారం చుట్టేటప్పుడు స్పూలు (దారం ఉండే కండె) తిరగకుండా నిలిచి ఉంటుంది, దాని చుట్టూ తిరిగే రోటర్ అనే భాగమే దారాన్ని చుడుతుంది. ఈ ఏర్పాటుకు పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. హ్యాండిల్ తిరిగే దిక్కు ఒకటి, రోటర్ తిరగవలసిన దిక్కు దానికి అడ్డంగా ఇంకొకటి. పెద్ద గేరు, పినియన్ అనే చిన్న పళ్ళచక్రం లంబకోణంలో ఒకదానినొకటి తోసుకుంటూ ఈ మలుపును సాధించాలి. దారం మీద బరువు పడగానే ఈ రెండు చక్రాలూ ఒకదానినుంచి ఒకటి దూరం జరగడానికి ప్రయత్నిస్తాయి. వాటిని తమ చోట కదలకుండా పట్టి ఉంచేది రీలు ఒడలు ఒక్కటే. ఆ ఒడలు పలుచటి ప్లాస్టిక్కుతో చేసినదైతే, కంటికి కనిపించనంత మేరకు వంగుతుంది, పళ్ళు పూర్తిగా కూర్చోవు, వాటి చివరి అంచుల మీదే మొత్తం బరువు పడుతుంది. అల్యూమినియం ఒడలు గల రీలు అదే లాగుడుకు ఎందుకు నిబ్బరంగా తిరుగుతుందో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

ఈ మధ్య ఒక స్నేహితుడి తమ్ముడు తన రీలు తెచ్చి "అన్నా, కొని ఏడాది కూడా కాలేదు, తిప్పుతుంటే కరకరమంటోంది, కాస్త నూనె వేస్తే సరిపోతుందేమో చూడు" అన్నాడు. పక్క మూత స్క్రూలు విప్పగానే నల్లబడిన గ్రీజు, అందులో అక్కడక్కడా మెరుస్తున్న లోహపు పొడి కనిపించాయి. గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూస్తే, జింకు మిశ్రమంతో పోతపోసిన పెద్ద గేరు పళ్ళు ఒక పక్క మొత్తం అద్దంలా అరిగి ఉన్నాయి, రెండో పక్క మాత్రం అచ్చులోంచి వచ్చినప్పటి గరుకుతనం ఇంకా అలాగే ఉంది. పినియన్ ఒక చివర బేరింగ్ మీద, రెండో చివర ప్లాస్టిక్ బుష్ (బేరింగ్ బదులు పెట్టే ఉత్త గొట్టం) మీద ఆనుకుని ఉంది, ఆ బుష్ రంధ్రం గుండ్రదనం పోయి కోలగా సాగింది. పైన అంటించిన కాగితం మీద మాత్రం బేరింగుల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంది. అన్ని బేరింగులూ ఎక్కడ పెట్టారా అని వెతికితే, చాలావరకు హ్యాండిల్ పిడిలో, అంత అవసరం లేని చోట్ల దొరికాయి. నూనె వేసి లాభం లేదని అతడికి చెప్పాను. ఆ గేరు విడిగా దొరకదు, దొరికినా ఆ ఒడలిలో కొత్తదీ అలాగే అరుగుతుంది.

బేరింగుల లెక్క గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు. పినియన్‌కు రెండు వైపులా, పెద్ద గేరు ఇరుసుకు రెండు వైపులా, దారం మలుపు తిరిగే లైన్ రోలర్‌లో ఒకటి, ఇవి మంచివై, తుప్పు పట్టనివై ఉంటే చాలు. మిగిలినవి అట్టపెట్టె మీద అంకె కోసం పెట్టినవి.

డ్రాగ్ దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే రీలు ధరలో న్యాయమైన వాటా దీనిదే. డ్రాగ్ అంటే ఒక క్లచ్చు. చేప ఒక హద్దు మించి లాగినప్పుడు దారం తెగిపోకుండా స్పూలు జారి దారం వదిలేలా చేసే బిళ్ళల దొంతర. దారం తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య దీన్ని బిగించుకోవాలన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. 8 కిలోల దారానికి అది సుమారు 2 కిలోలు అవుతుంది. తేడా తెలుసుకోవాలంటే దారం కొసను ఒక స్ప్రింగు కాటాకు కట్టి నెమ్మదిగా లాగి చూడండి. మంచి రీలులో ముల్లు 2 దగ్గరకు వచ్చి, స్పూలు జారడం మొదలయ్యాక కూడా అక్కడే నిలుస్తుంది. నాసి రీలులో ముల్లు 3 దాకా ఎగబాకి, ఒక్కసారిగా జారి, ఒకటిన్నరకు పడిపోయి, మళ్ళీ పైకి లేస్తుంది. కదలని బిళ్ళను కదిలించడానికి కావలసిన బలానికీ, కదులుతున్న బిళ్ళను కదులుతూ ఉంచడానికి కావలసిన బలానికీ మధ్య ఉన్న తేడా అది. గ్రీజు పట్టించిన కార్బన్ ఫైబర్ బిళ్ళలు ఈ తేడాను చాలా తగ్గిస్తాయి, వేడెక్కినా తమ గుణం వదలవు. మామూలు ఫెల్టు బిళ్ళలు చిన్న చేపలకు చక్కగానే పనిచేస్తాయి కానీ, పొడవాటి పరుగుల వేడికి నలిగి గట్టిపడతాయి.

ఇప్పుడు ఈ ఎగుడుదిగుడు మీద మిగిలినవన్నీ పేర్చి చూడండి. చేప దారం లాక్కుపోతున్న కొద్దీ స్పూలు మీది చుట్ట సన్నబడుతుంది; డ్రాగ్ బిగింపు మనం ముట్టుకోకపోయినా, చుట్ట వ్యాసం మూడింట రెండు వంతులకు తగ్గేసరికి దారం మీది లాగుడు ఒకటిన్నర రెట్లవుతుంది, సగానికి తగ్గితే రెట్టింపు అవుతుంది. రాడ్డు వంగి ఉన్నప్పుడు దారం తాను దూరి వెళ్ళే ప్రతి గైడు రింగు దగ్గరా ఒరుసుకుంటూ మలుపు తిరగాలి కాబట్టి అక్కడ ఇంకొంత కలుస్తుంది. ముడి వేసిన చోట దారం అసలు బలం ఎలాగూ కొంత తగ్గి ఉంటుంది. ఇన్ని కలిసిన సమయంలో చేప ఆగి, మళ్ళీ ఒక్క ఊపున పరుగు తీసినప్పుడు, 2 కిలోలకు బిగించామనుకున్న డ్రాగ్ 3 కిలోల దగ్గర మొండికేస్తే, 8 కిలోల దారం తెగడంలో ఆశ్చర్యం ఏముంది? నైలాన్ దారం తెగేలోపు తన పొడవులో 20 శాతానికి పైగా సాగుతుంది కాబట్టి ఈ కుదుపులను కొంత మింగేసేది. ఇప్పుడు చాలామంది వాడుతున్న, పాలిథిలీన్ పోగులతో అల్లిన బ్రెయిడ్ దారం దాదాపు సాగదు. కుదుపు ఏ మాత్రం తగ్గకుండా ముడి మీదకూ గాలపు ముల్లు మీదకూ పోతుంది. బ్రెయిడ్ దారం వాడేవారు డ్రాగ్ దగ్గర పొదుపు చేయడం నాకు అర్థం కాదు. అట్టపెట్టె మీద రాసే గరిష్ఠ డ్రాగ్ అంకెను మాత్రం పట్టించుకోవద్దు. 2 కిలోలు సమంగా ఇవ్వలేని రీలు 12 కిలోలు ఇస్తే మనకు ఒరిగేదేమీ లేదు.

ఇది చేప చేజారడం గురించిన బాధ మాత్రమే కాదు. తెగిన దారంతో పాటు గాలాన్ని నోట్లోనో గొంతులోనో మోసుకుపోయే చేప గురించి మనం ఆలోచించాలి. పట్టి వదిలేసేవారికి ఇది మరీ ముఖ్యం. సరిగా సర్దిన డ్రాగ్ చేపను నిలకడగా అలసటకు గురిచేసి త్వరగా చేతికి తెస్తుంది. భయపడి వదులుగా పెట్టుకున్న డ్రాగ్ పోరాటాన్ని సాగదీస్తుంది, అంతసేపు కొట్టుకున్న చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుని, నీటిలోకి వదిలినా కోలుకోలేకపోవచ్చు. తన పరికరం మీద నమ్మకం లేనివాడే డ్రాగ్‌ను మరీ వదులుగానో మరీ బిగువుగానో పెట్టుకుంటాడు. మంచి రీలు కొనమని నేను చెప్పే కారణాల్లో నాకు అన్నిటికంటే గట్టిగా తోచేది ఇదే.

ఉప్పునీటిలో గాలం వేసేవారికి ఇంకొక కారణం ఉంది. అల్యూమినియం, ఇత్తడి, ఉక్కు ఒకదానినొకటి తాకుతూ ఉన్న చోట ఉప్పునీరు చేరితే, అది ఒక చిన్న విద్యుత్ ఘటంలా పనిచేసి వాటిలో బలహీనమైన లోహాన్ని తినేస్తుంది. తేలిక కోసం మెగ్నీషియం వాడిన రీళ్ళలో, పైపూత ఎక్కడైనా గీసుకుపోయిందంటే ఈ తినివేత ఇంకా వేగంగా సాగుతుంది. అందుకే తేలికైన ఖరీదు రీలు కంటే, నీరు చొరకుండా రబ్బరు సీళ్ళు వేసిన బరువైన రీలు సముద్రానికి నయం. కొన్ని రీళ్ళ మీద ఐపీఎక్స్5, ఐపీఎక్స్6, ఐపీఎక్స్8 అన్న గుర్తులు కనిపిస్తాయి. ఇవి కంపెనీల సొంత పొగడ్తలు కావు, నీరు లోపలికి చొరబడకుండా ఆపే శక్తికి ఉన్న అంతర్జాతీయ కొలమానం: 5 అంటే నీటి ధారను, 6 అంటే బలమైన ధారను తట్టుకుంటుంది, 8 అంటే ఒక మీటరుకు మించిన లోతులో మునిగి ఉన్నా తట్టుకుంటుంది. అక్కడున్న ఎక్స్ అక్షరం దుమ్ము పరీక్షకు అంకె ఇవ్వలేదని సూచిస్తుంది. సీళ్ళు ఉన్న రీలు హ్యాండిల్ కాస్త బరువుగా తిరుగుతుంది, ఎందుకంటే రబ్బరు ఇరుసును పట్టుకుని ఉంటుంది. వేలితో తోసి తిప్పే పరీక్షలో ఇది ఓడిపోతుంది, సముద్రపు ఒడ్డున నెగ్గుతుంది. ఎన్ని సీళ్ళు ఉన్నా ఇంటికి రాగానే డ్రాగ్ బిగించి, మంచినీటిని సన్నగా పోసి కడిగి, ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టడం తప్పదు. గట్టిగా ధార కొడితే ఉప్పును మనమే లోపలికి తోసినట్టవుతుంది.

ఇక రాడ్డు. వెదురు రాడ్ల కాలం తరువాత, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో గ్లాస్ ఫైబర్ రాడ్లు వచ్చాయి. 1960లలో బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో బలమైన కార్బన్ ఫైబర్ తయారీ పద్ధతి రూపుదిద్దుకున్నాక, 1970లలో కార్బన్ రాడ్లు వాడుకలోకి వచ్చాయి. రెండింటికీ ఉన్న తేడా అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. సాగకుండా, వంగకుండా నిలిచే గుణాన్ని మాడ్యులస్ అంటారు. గ్లాస్ ఫైబర్‌కు అది 72 గిగాపాస్కల్‌ల దగ్గర ఉంటే, మామూలు కార్బన్‌కు 230 దగ్గర ఉంటుంది, పైగా కార్బన్ సాంద్రత 1.8, గ్లాసుది 2.5. అంటే మూడో వంతు పదార్థంతోనే అంత బిగువు సాధించవచ్చు. అందుకే గ్లాస్ నుంచి కార్బన్‌కు మారినప్పుడు చేతికి తెలిసే తేడా నిజమైనది, అది విలువైనది కూడా.

ఆ పై మెట్ల గురించే నా అనుమానం. రాడ్ల మీద 24 టన్నులు, 30 టన్నులు, 40 టన్నులు అని రాస్తారు. ఇది రాడ్డు మోయగల బరువు కాదు. చదరపు మిల్లీమీటరుకు ఇన్ని టన్నులు అన్న లెక్కలో చెప్పిన మాడ్యులస్. 24 టన్నులంటే సుమారు 235 గిగాపాస్కల్‌లు, అంటే మామూలు కార్బనే. అంకె పెరిగే కొద్దీ కార్బన్ పోగు మరింత బిగుసుగా ఉంటుంది, దాంతో గొట్టంలా ఉండే రాడ్డు గోడను ఇంకా పలుచగా చుట్టవచ్చు, రాడ్డు తేలికవుతుంది. కానీ ఆ పోగు తెగేలోపు సాగగల మేర తగ్గుతుంది. గ్లాసు పోగు తన పొడవులో 4 శాతానికి పైగా సాగాక గానీ తెగదు, మామూలు కార్బన్ 1.5 శాతం దగ్గర తెగుతుంది, మరీ ఎక్కువ మాడ్యులస్ గలవాటిలో 1 శాతం దాటనివీ ఉన్నాయి. పలుచని గోడ, సాగని పోగు కలిసిన రాడ్డుకు పడవ అంచు తగిలినా, సీసం గుండు వచ్చి కొట్టుకున్నా పైకి కనిపించని చిన్న గాటు మిగిలిపోతుంది, తరువాత ఎప్పుడో మామూలు చేపకే అక్కడ పుటుక్కుమంటుంది. ఐఎం6, ఐఎం7, ఐఎం8 వంటి గుర్తులను చూసి కూడా మోసపోవద్దు. అవి హెక్సెల్ అనే సంస్థ తన పోగులకు పెట్టుకున్న పేర్లే తప్ప, రాడ్డు నాణ్యతకు అందరూ ఒప్పుకున్న శ్రేణులు కావు. పోగు ఎంత మంచిదైనా దాన్ని ఏ కోణంలో ఎన్ని పొరలు వేశారు, బంక ఎంత వాడారు అన్నవి రాడ్డు గుణాన్ని అంతకంటే ఎక్కువగా నిర్ణయిస్తాయి, అవి ఏ కాగితం మీదా రాసి ఉండవు.

అయితే తేలికకు విలువ లేదని నేను అనడం లేదు, తేలిక ఎక్కడ ఉండాలన్నదే నా ప్రశ్న. చేతి నుంచి 2 మీటర్ల దూరంలో, రాడ్డు కొసన ఉన్న 10 గ్రాముల బరువు, చేతికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 100 గ్రాములతో సమానంగా రాడ్డును కిందికి దించుతుంది. విసిరేటప్పుడూ ఊపేటప్పుడూ దూరం వర్గంతో లెక్క పడుతుంది కనుక, ఆ 10 గ్రాముల జడత్వం ఈ 100 గ్రాములకు పది రెట్లవుతుంది. రీలు ఉండేది చేతి కిందే. దానిలో 60 గ్రాములు తగ్గించడానికి రెట్టింపు ధర పెట్టేవారు, కొస రింగుల్లో నాలుగైదు గ్రాములు తగ్గిన రాడ్డు ఇచ్చే హాయిలో చిన్న భాగమే పొందుతారు. టైటానియం ఫ్రేముల సన్నని రింగులున్న రాడ్డు చేతిలోకి తీసుకోగానే ప్రాణం ఉన్నట్టు అనిపించడానికి ఇదే కారణం. ఎర అడుగున రాయికి తగిలిందో, చేప మూతి పెట్టిందో ఆ కొస ఆలస్యం లేకుండా చెబుతుంది. కృత్రిమ ఎరను రోజంతా విసురుతూ లాగుతూ ఉండేవారికి దీనికోసం కొంత ఖర్చు పెట్టడం సబబే. ఎర వేసి, రాడ్డును ఆనికకు ఆనించి, బెండు కదలిక కోసమో కొస వణుకు కోసమో కూర్చునేవారికి ఆ ఖర్చులో దాదాపు ఏదీ తిరిగి రాదు, ఎందుకంటే తేలికను అనుభవించవలసిన చేయి అక్కడ లేనే లేదు.

రింగుల లోపలి గాజులాంటి వలయాన్ని మాత్రం ఎవరైనా పరీక్షించి కొనాలి. చవక రాడ్లలో ఉత్త ఉక్కు తీగో, పైన మెరుపు పూసిన మెత్తని లోహమో ఉంటుంది. బ్రెయిడ్ దారం, అందులోనూ ఇసుక రేణువులు అంటుకున్న తడి దారం, అందులో నెమ్మదిగా గాడి కోస్తుంది, ఆ గాడి అంచు తరువాత దారాన్నే కోయడం మొదలుపెడుతుంది. కంటికి కనపడని ఈ గాడిని దూదితో పట్టుకోవచ్చు: చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లను వలయం లోపల గుండ్రంగా తిప్పితే, గాడి గానీ పగులు గానీ ఉన్న చోట దూది పోగు చిక్కుకుని తెల్లగా నిలుస్తుంది. దారం పదేపదే ఎక్కడ తెగుతోందో తెలియక తల పట్టుకున్నవారికి నేను ముందు చెప్పేది ఇదే. అల్యూమినియం ఆక్సైడ్ వలయాలు చాలామందికి సరిపోతాయి. ఫుజి సంస్థ 1981లో తెచ్చిన సిలికాన్ కార్బైడ్ వలయాలు అంతకంటే గట్టివి, వేడిని త్వరగా పంచేస్తాయి కనుక పెద్ద చేపల సుదీర్ఘమైన పరుగులకు ఇంకా మంచివి. రాడ్డు ధరలో పోగు టన్నుల కోసం పెట్టేదానికంటే ఈ వలయాల కోసం పెట్టేది ఎక్కువ కాలం పనికొస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. రీలు లేని వెదురు కర్రకు దారం కట్టి, ఎంతో మంది పెద్దలు మనకంటే ఎక్కువ చేపలు పట్టారు కదా, నైపుణ్యం ఉంటే పరికరంతో పనేమిటి అంటారు. ఆ పెద్దల మీద నాకు గౌరవం ఉంది, వారి మాటను కొట్టిపారేయను. కానీ ఆ వెదురు కర్ర నాసి పరికరం కాదు; తన పనికి పూర్తిగా సరిపోయిన పరికరం. అందులో అరిగే గేరు లేదు, మొండికేసే డ్రాగ్ లేదు, కుదుపును మింగే పని మొత్తం కర్ర వంపే చేస్తుంది. గేర్లు, క్లచ్చు, స్ప్రింగులు ఉన్న యంత్రాన్ని చేతిలోకి తీసుకున్న తరువాత, ఆ యంత్రం బాగుండాలన్న షరతు నుంచి నైపుణ్యం మనల్ని తప్పించలేదు. ఇంకా చెప్పాలంటే నైపుణ్యం ఉన్నవాడు నాసి డ్రాగ్‌ను బొటనవేలితోనో అరచేతితోనో సర్దుకోగలడు, అది చేతకానిది కొత్తవాడికే. కొత్తవాడికి ఏదో ఒకటి చాలులే అనే సలహా అందుకే నాకు నచ్చదు. కొత్తవాడికి తేలికైన రాడ్డు అవసరం లేదు, గ్లాస్ కలిసిన గట్టి రాడ్డు అతడికి మేలు కూడా, ఎందుకంటే తప్పుగా ఎత్తినా విరగదు. అతడికి అవసరమైనది సమంగా జారే డ్రాగ్ ఉన్న మధ్యశ్రేణి రీలు.

రాడ్లు విరిగే తీరు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే ఖరీదు రాడ్డు కొన్నవారిలో చాలామంది దాన్ని పోగొట్టుకునేది ఇలాగే. చేప దగ్గరకు వచ్చాక ఉత్సాహంతో రాడ్డును నిటారుగా, తలకు వెనక్కు పోయేలా ఎత్తేస్తారు. అప్పుడు వంపు మొత్తం బలమైన కింది భాగం నుంచి సన్నని కొసకు చేరి, ఒక్క చోటే పడుతుంది. 60 డిగ్రీలకు మించి ఎత్తకుండా, వెనక్కు నడిచో, దారం కాస్త వదిలో చేపను వలలోకి తెచ్చుకోవాలి. ఇంకొకటి, ప్రాణానికి సంబంధించినది: కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, కాబట్టి కరెంటు తీగల కింద, ఉరుములు మెరుపుల వేళ కార్బన్ రాడ్డు ఎత్తకూడదు.

రీలు, రాడ్డు రెండింటికంటే ముందు డబ్బు చేరవలసిన చోటు ఇంకొకటి ఉంది, అది దారమూ గాలమూ. చేపకూ మనకూ మధ్య నిజంగా ఉండేవి అవే. పాతబడి చుట్టలు చుట్టలుగా ముడుచుకుపోయిన నైలాన్ దారాన్ని మార్చకుండా, మొద్దుబారిన గాలాన్ని గోటి మీద గీసి చూడకుండా, రీలు మార్చడం గురించి ఆలోచించేవారికి నేను ఆ రెండూ మార్చి చూడమని మాత్రమే చెబుతాను. ఈ ఖర్చు ఎంత చిన్నదంటే దీని మీద వాదన అనవసరం.

చివరగా, రీలులో గట్టిదనానికి పెట్టిన డబ్బు వృథా కాదని ఎందుకు అన్నానో చెప్పాలి. దాన్ని విప్పవచ్చు. మంచి తయారీదారులు లోపలి భాగాల పటాన్ని అంకెలతో సహా ఇస్తారు, డ్రాగ్ బిళ్ళలు, దారాన్ని పట్టే బెయిల్ తీగ స్ప్రింగు, లైన్ రోలర్ బేరింగు విడిగా అమ్ముతారు. నేను విప్పే రీళ్ళలో కొన్ని వాటి యజమానుల కంటే పాతవి, వాటి ఒడలి రంగు పూర్తిగా పోయింది, గేరు పళ్ళు మాత్రం ఇంకా పదునుగా ఉన్నాయి. చవక రీళ్ళు ఒకదాని తరువాత ఒకటి కొని పారేసే ఖర్చును, ఆ ప్లాస్టిక్కూ లోహమూ చెత్తలో చేరడాన్ని కలిపి చూస్తే మధ్యశ్రేణి రీలే చవక. విరిగిన కార్బన్ రాడ్డుకు అలాంటి రెండో జన్మ దాదాపు లేదు. కొస విరిగితే రింగు మార్చి కొంత కాలం వాడుకోవచ్చు, నడుము విరిగితే అంతే. రాడ్డు దగ్గర త్వరగా ఆగిపొమ్మనడానికి ఇది కూడా ఒక కారణం.

డబ్బు సరిపోనివారు మంచి రీలును వాడినదే అయినా కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం, చూసి కొనగలిగితే చాలు. రోటర్‌ను ఒక చేత్తో కాస్త అదిమి పట్టి, రెండో చేత్తో హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. బరువు మీద కూడా గరగర లేకుండా తిరగాలి. హ్యాండిల్ వెనక్కు తిప్పబోతే ఏ మాత్రం సందు లేకుండా వెంటనే ఆగాలి. లైన్ రోలర్‌ను వేలితో తిప్పితే అది తిరగాలి, తుప్పుతో బిగిసిపోయి ఉంటే దారాన్ని కోసేస్తుంది. డ్రాగ్ బిగించి దారం లాగితే మొదటి కదలిక కుదుపు లేకుండా రావాలి. ఈ నాలుగూ సరిగా ఉంటే, పైన ఎన్ని గీతలు పడి ఉన్నా ఆ రీలు తీసుకోండి, కొత్త దారం ఎక్కించండి, మిగిలిన డబ్బుకు వచ్చే మామూలు కార్బన్ రాడ్డులో వలయాలు మంచివి ఉన్నదాన్ని ఎంచుకోండి.